రీగా: ముగ్గురు మనుషులు, నాలుగు రాత్రులు, తక్కువ ఖర్చు (సెప్టెంబరు)

కృష్ణాతీరం

బెర్లిన్ నుంచి లాత్వియా రాజధాని రీగాకు సెప్టెంబరు మూడో వారంలో, నాలుగు రాత్రులు. నేను, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. వాళ్లది జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి చెల్లేది), సింగిల్ ఎంట్రీ. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా తినదు. మోకాళ్ల నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. విమానం టికెట్లు పోను, బసతో కలిపి ముగ్గురికీ రోజుకు 130 యూరోలు దాటకూడదు.

సింగిల్ ఎంట్రీ వీసాతో లాత్వియా వెళ్లొచ్చా? బస పాత ఊళ్లోనే తీసుకోవాలా? ఒక రోజులో ఎస్టోనియా రాజధాని టాలిన్ చూసి రావచ్చా? అమ్మకు తిండి సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

పొదుపుమంత్రి

వీసా సంగతి ముందు. లాత్వియా 2007 నుంచి షెంగెన్‌లో ఉంది, 2014 జనవరి 1 నుంచి యూరో వాడుతోంది. బెర్లిన్ నుంచి రీగా అంటే షెంగెన్ లోపలి ప్రయాణమే, అమ్మానాన్నల ఎంట్రీ ఖర్చవదు. షెంగెన్ దాటి బయటికి, అంటే లండన్‌కో ఇస్తాంబుల్‌కో వెళితేనే సింగిల్ ఎంట్రీ అయిపోతుంది. వీసా స్టిక్కర్ మీద చెల్లుబాటు ప్రాంతం దగ్గర షెంగెన్ దేశాలన్నీ అని ఉందో లేదో ఒకసారి చూడండి. అరుదుగా ఒకట్రెండు దేశాలకే పరిమితం చేసి ఇస్తారు, అప్పుడు కుదరదు. ఎక్కువ రాత్రులు జర్మనీలోనే గడుపుతున్నారు కాబట్టి ‘ప్రధాన గమ్యం’ నియమం (ఎక్కువ రాత్రులు ఉండే దేశమే వీసా ఇవ్వాలి) కూడా మీకు సరిపోయినట్టే.

ముగ్గురూ అసలు పాస్‌పోర్టులు పట్టుకెళ్లండి, మీరు జర్మనీ నివాస కార్డు కూడా. ఫోన్‌లో ఫొటో ఉంటే చాలదు. లోపలి సరిహద్దుల్లోనూ అప్పుడప్పుడు తనిఖీలుంటాయి. వాళ్ల ప్రయాణ బీమా షెంగెన్ మొత్తానికీ వర్తించాలి, కనీసం 30,000 యూరోల కవరేజి ఉండాలి. వీసా కోసం తీసుకున్నదే అయితే ఉండే ఉంటుంది. తేదీలు మాత్రం సరిచూసుకోండి.

రయనేర్ అనే చౌక విమాన సంస్థలో వెళ్తుంటే రెండు చిక్కులు. మొదటిది, ఐరోపా పాస్‌పోర్టు లేనివాళ్లు ఆన్‌లైన్ చెకిన్ అయిపోయినా సెక్యూరిటీకి ముందు కౌంటర్లో కాగితాలు చూపించి ‘వీసా చెక్’ చేయించుకోవాలి. ఇది తెలియక నేరుగా గేటు దాకా వెళ్తే అక్కడి నుంచి వెనక్కి పంపిస్తారు. వరుస పెద్దదైతే విమానం తప్పిపోతుంది, కాబట్టి కనీసం రెండు గంటల ముందు చేరండి. రెండోది, ఉచితంగా వచ్చేది సీటు కింద పట్టే 40 × 30 × 20 సెంటీమీటర్ల సంచి ఒక్కటే. ముగ్గురికీ కలిపి ఒక్క చెకిన్ పెట్టె ముందే ఆన్‌లైన్లో కొనుక్కోండి. గేటు దగ్గర కట్టే రుసుముతో రీగాలో రెండు రోజులు భోంచేయొచ్చు.

---

రీగా_తెలుగు

విమానాశ్రయం ఊరికి పడమరన, సుమారు 10 కిలోమీటర్లు. 22 నంబరు బస్సు అరగంటలో మధ్యలోకి తెస్తుంది. టెర్మినల్ బయటికి వచ్చి పార్కింగ్ వైపు నడిస్తే స్టాపు. టికెట్ డ్రైవర్ దగ్గర కొందామనుకోవద్దు. లోపలి నార్వెసెన్ దుకాణంలోనో, మెషీన్లోనో, ఫోన్ యాప్‌లోనో ముందే తీసుకోవాలి.

టికెట్ విధానం అర్థమైతే చాలు, మిగతాదంతా తేలిక. 90 నిమిషాల టికెట్ ఒకటిన్నర యూరో లెక్కన ఉంది. ఆ వ్యవధిలో బస్సు, ట్రామ్, ట్రాలీబస్సు ఎన్నైనా మారొచ్చు. అయితే మారిన ప్రతి బండిలోనూ మళ్లీ నమోదు చేయాలి. పసుపు రంగు అట్ట టికెట్ అయితే తలుపు దగ్గరి రీడర్‌కు తాకించాలి, యాప్ అయితే ఆ బండిలో అతికించిన కోడ్ స్కాన్ చేయాలి. టికెట్ కొని తాకించకపోతే తనిఖీ వాళ్ల లెక్కలో టికెట్ లేనట్టే. మన వాళ్లకు జరిమానాలు పడేది ఎక్కువగా ఇందుకే. టికెట్ మనిషికొకటి ఉండాలి.

మూడు రోజుల టికెట్ 8 యూరోల ప్రాంతం. మీకు అవసరమా అంటే అనుమానమే. పాత ఊరు, ఆర్ట్ నూవో (1900 ప్రాంతపు అలంకార భవన శైలి) వీధులు, సెంట్రల్ మార్కెట్ అన్నీ నడక దూరంలో ఉన్నాయి. పైగా 72 గంటలు మొదటిసారి తాకించినప్పటి నుంచి లెక్క, నాలుగు రాత్రులకు తిరుగు ప్రయాణం ఎలాగూ బయట పడుతుంది. విడి టికెట్లే నయం. ధరలు మారుతుంటాయి, రీగాస్ సతిక్స్‌మె (ఊరి రవాణా సంస్థ) సైటులో ఒకసారి చూసుకోండి.

బస: పాత ఊరు, అంటే వెట్స్‌రీగా, వద్దు. వారాంతాల్లో తెల్లవారుజాము దాకా బార్ల గోల. కార్లు లోపలికి రానివ్వని సందులెక్కువ. నేలంతా గుండ్రాళ్లు, పెట్టె చక్రాలకూ అమ్మ మోకాళ్లకూ రెండింటికీ శిక్ష. ఎలిజబెటెస్, అల్బెర్తా వీధుల చుట్టుపక్కల ‘నిశ్శబ్ద కేంద్రం’ అనే చోట వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూడండి. పాత ఊరికి పావుగంట చదును నడక. బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా అని రాసి అడగండి. 1900 నాటి భవనాల్లో ఐదో అంతస్తుకు మెట్లే గతి అన్నవి బోలెడు, ఫొటోల్లో అది కనబడదు.

---

వరంగల్_వాకర్

రీగాలో చూడదగ్గ వాటిలో సగానికి పైగా వీధిలో నిలబడి తలెత్తి చూసేవే. టికెట్ అక్కర్లేదు. పాత ఊరు సహా చారిత్రక కేంద్రం మొత్తాన్ని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఆర్ట్ నూవో శైలి భవనాలే వందల్లో ఉన్నాయి.

అమ్మగారికి సరిపోయే నడక ఒకటి చెప్తా, అంతా చదునే. స్వాతంత్ర్య స్మారకం దగ్గర మొదలుపెట్టండి. 42 మీటర్ల ఎత్తు, 1935లో నిలిపారు, శిల్పి కార్లిస్ జాలె. పగటిపూట గంటకోసారి కాపలా సైనికులు మారతారు. అక్కడి నుంచి కాలువ ఒడ్డు పార్కుల్లోంచి ఉత్తరంగా నడవండి. ఆ కాలువ ఒకప్పటి కోట కందకమే. 19వ శతాబ్దం మధ్యలో గోడలు, బురుజులు పడగొట్టి ఈ పార్కులు వేశారు. దారి పొడుగునా బెంచీలున్నాయి.

తర్వాత ఎలిజబెటెస్ 10బి. పైన పెద్ద పెద్ద ముఖాలు, నీలం రంగు ముందుగోడ. ఇంజినీరు మిహాయిల్ ఐసెన్‌స్టైన్ 1903 నాటి పని. సినిమా దర్శకుడు సెర్గెయ్ ఐసెన్‌స్టైన్ తండ్రి ఆయనే. అక్కడి నుంచి స్ట్రెల్‌నియెకు 4ఎ చూసి, మలుపు తిరిగితే అల్బెర్తా వీధి. 2ఎ, 4, 8, 13 నంబర్లు తప్పక చూడాలి. 2ఎ దగ్గర మాత్రం ఎదుటి కాలిబాట మీదికి వెళ్లి పై వరుస కిటికీలు చూడండి. వాటి వెనక గదుల్లేవు, ఆకాశం కనబడుతుంది. ఇల్లు ఇంకా ఎత్తుగా కనబడాలని గోడ ఒక్కటీ పైకి లేపారు. సగం మంది సందర్శకులు కింది స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్లు) బొమ్మలకు ఫొటో తీసుకుని ఇది చూడకుండా వెళ్లిపోతారు.

12వ నంబరులో ఆర్ట్ నూవో మ్యూజియం ఉంది, వాస్తుశిల్పి పెక్షెన్స్ కాపురమున్న ఇల్లు. ఈ వీధిలో డబ్బు పెట్టాలనుకుంటే అక్కడే పెట్టండి. మిగతావి జనం ఉంటున్న ఇళ్లు, తలుపు తెరిచి ఉన్నా లోపలికి దూరొద్దు.

పాత ఊళ్లో బయటి నుంచి చూస్తే సరిపోయేవి: ‘ముగ్గురు అన్నదమ్ములు’ ఇళ్లు (మజా పిల్స్ వీధి 17, 19, 21), 1698 నాటి స్వీడిష్ గేటు, పిల్లి బొమ్మల ఇల్లు, బ్లాక్‌హెడ్స్ అనే పాత వర్తక సంఘం భవనం. చివరిది 14వ శతాబ్దంలో పుట్టిన కట్టడమే గానీ మీరు చూసేది 1999లో పూర్తయిన పునర్నిర్మాణం. 1941 జూన్ బాంబుల్లో కాలింది, మిగిలిన గోడలను సోవియట్ కాలంలో 1948లో కూల్చేశారు. లోపలి హాళ్లు కొత్తవి. తక్కువ ఖర్చు అంటున్నారు కాబట్టి ఆ టికెట్ దాటేయండి.

ఉచిత మ్యూజియం కావాలంటే పౌడర్ టవర్‌లోని లాత్వియా యుద్ధ మ్యూజియం. నాన్నగారికి ఆసక్తి ఉంటే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

---

చలిగాలి

వాకర్ గారి నడకతో ఏ పేచీ లేదు. కానీ పైనుంచి ఊరు చూడకపోతే ఎలా? సెయింట్ పీటర్ చర్చి శిఖరం ఎత్తు 123 మీటర్లు, చూసే వేదిక 72 మీటర్ల దగ్గర, లిఫ్ట్ ఉంది. 1941లో కాలిపోయిన శిఖరాన్ని 1973లో ఉక్కు చట్రంతో మళ్లీ కట్టారు, లిఫ్ట్ అప్పుడు వచ్చిందే. పాత ఊరి కప్పులు, దౌగావా నది, వంతెనలు అన్నీ కాళ్ల కిందే.

---

పొదుపుమంత్రి

చలిగాలి గారూ, ఆ వేదిక టికెట్ పెద్దలకు 9 యూరోల ప్రాంతం. ముగ్గురికి 27. రోజు బడ్జెట్‌లో ఐదో వంతు పావుగంట గాలి కోసం.

నది అవతలి జాతీయ గ్రంథాలయం చూపించండి. గున్నార్ బిర్కెర్ట్స్ రూపకల్పన, 2014లో తెరిచారు, జనం ‘వెలుగు కోట’ అంటారు. ప్రవేశం ఉచితం. కౌంటర్లో పేరు నమోదు చేసుకుంటే పై అంతస్తులకు లిఫ్ట్‌లో వెళ్లనిస్తారు. పెద్ద సంచులు, కోట్లు కింద భద్రపరచాలి. పీటర్ చర్చి ఎక్కితే ఆ చర్చి కనబడదు. ఇక్కడి నుంచి పాత ఊరి శిఖరాలన్నీ నదికి అవతల ఒకే వరుసలో కనబడతాయి. ఉదయం ఎండ ఎదురుగా కొడుతుంది, మధ్యాహ్నం తర్వాత వెళ్లండి.

---

చలిగాలి

ఒప్పుకుంటా, ముగ్గురికైతే గ్రంథాలయమే. ఒంటరిగా వచ్చేవాళ్లకు మాత్రం పీటర్ చర్చే చెప్తాను. సైన్స్ అకాడమీ భవనం అని ఇంకొకటుంది, స్టాలిన్ కాలపు శైలి, 17వ అంతస్తులో వేదిక. లిఫ్ట్ 15 దాకానే, పైన రెండంతస్తులు మెట్లు. అమ్మగారికి వద్దు. చలికాలం మూసేస్తారు కూడా.

డోమ్ చర్చి గురించి ఎవరూ అనలేదే. 1884లో సిద్ధమైన వాల్కర్ కంపెనీ ఆర్గన్ (గొట్టాల వాద్యం) ఉంది, గొట్టాలు 6,718. సీజన్లో చాలా రోజులు మధ్యాహ్నం 12కి 20 నిమిషాల చిన్న కచేరీ పెడతారు. సాయంత్రం పెద్ద కచేరీల కన్నా చాలా చౌక. తేదీలు చర్చి సైటులో ఉంటాయి. లోపల చల్లగా ఉంటుంది, శాలువా ఉంచుకోండి.

---

ముత్యాలపందిరి

తిండి గురించి వివరంగా రాస్తున్నా, శాకాహారులు రీగాలో ఇబ్బంది పడేది ఇక్కడే.

అసలు సమస్య మాంసం కూర కాదు, కనబడని మాంసం. లాత్వియా వంటలో ‘స్పెత్యిస్’ అనే పొగబెట్టిన పంది కొవ్వు ముక్కలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. పీరాగి అనే చిన్న బన్నుల్లో మామూలుగా ఉండేది అదే. బూడిద రంగు శనగల్లా కనబడే గింజల వంటకం వాళ్ల సంప్రదాయ భోజనం, దాని మీదా అదే వేస్తారు. పుట్టగొడుగుల సాస్, ఉడికించిన క్యాబేజీ, కూరగాయల సూప్ నీళ్లు, వీటిలో ఏదీ అడక్కుండా తీసుకోవద్దు. ‘బెజ్ గల్యాస్’ అంటే మాంసం లేకుండా. అది ఒక్కటి అంటే చేపలూ గుడ్లూ అందులోకి రావు, విడిగా చెప్పాలి. చేపకు ‘జివ్స్’, గుడ్డుకు ‘ఓలా’. పంది మాంసం ‘త్సూక్‌గల్య’, గొడ్డు మాంసం ‘లియెల్లోపు’ అని ఉంటుంది, నాన్నగారు మాంసాహారి అయితే పనికొస్తుంది. ప్యాకెట్లకు ఫోన్ కెమెరాతో అనువాదం చూసుకోవడమే.

గుడ్డు తినరన్నారు కాబట్టి: గులాబీ రంగు చల్లటి బీట్‌రూట్ సూప్ చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో ఉడికిన గుడ్డు వేస్తారు, ఒక్కోచోట సాసేజి కూడా. బంగాళాదుంప అట్లలో కూడా గుడ్డు కలుపుతారు.

అమ్మగారికి దిగులు లేకుండా దొరికేవి: రుప్‌మైజె అనే నల్లటి రై రొట్టె, కెఫీర్ (పుల్ల మజ్జిగ లాంటిదే), బియెజ్‌పియెన్స్ అనే విరుగు పాల ముద్ద, హెంప్ అనే మొక్క గింజల వెన్న, ఉడికిన దుంపలు, బుక్‌వీట్, ఊరబెట్టిన దోసకాయలు, వెల్లుల్లి. తీపికి రై రొట్టె పొడి, క్రీము, పుల్లటి బెర్రీలు పొరలుగా వేసే రుప్‌మైజెస్ కార్తొయుమ్స్ అడగండి. పళ్ల కీసెలిస్ చిక్కదనం దుంప గంజితో వస్తుంది, అది ఫరవాలేదు. ‘జెలాతీన్స్’ అని రాసున్న పుడ్డింగులు వదిలేయండి. జున్నులో రెన్నెట్ (దూడ కడుపు నుంచి తీసే తోడు) పట్టింపు ఉంటే గట్టి జున్నుల జోలికి పోకండి.

చౌకగా బయట తినాలంటే ‘లీదొ’ అనే స్వయంసేవ భోజనశాలలు. వెర్‌మానెస్ పార్కు దగ్గర ఒకటి ఉంది, క్రస్తా వీధిలో పెద్దది. ట్రే పట్టుకుని కంటితో చూసి ఎంచుకోవడం కాబట్టి భాష గొడవ లేదు. ఖర్చు పెరిగేది ఒక్కో గిన్నె విడిగా లెక్క కట్టడం వల్ల. దుంపలు, ఒక కూర, ఒక సలాడ్ దగ్గర ఆగితే మనిషికి 7 నుంచి 10 యూరోలు. పని రోజుల్లో మధ్యాహ్నం మూడు దాకా చిన్న హోటళ్ల బయట పలక మీద ‘దియెనాస్ పియెదావాయుమ్స్’ అని రాస్తారు, ఆ రోజు భోజనం. సాయంత్రం అదే చోట అదే తిండికి దాదాపు రెట్టింపు.

సెంట్రల్ మార్కెట్ తప్పక వెళ్లండి. 1930లో తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు జెప్పెలిన్ (గాలి ఓడ) షెడ్ల ఉక్కు కప్పులు తెచ్చి ఐదు మంటపాలుగా నిలబెట్టారు. చేపలు, మాంసం మంటపాల వాసన అమ్మగారికి పడకపోవచ్చు, పాలు, కూరగాయల మంటపాలు చాలు. సెప్టెంబరులో అడవి పుట్టగొడుగులు, లింగన్ బెర్రీలు, క్రాన్‌బెర్రీలు, యాపిళ్లు కుప్పలుగా వస్తాయి. ధర చీటీ చదివేటప్పుడు కిలోకా 100 గ్రాములకా చూడండి. మసాలాలు, జున్ను, ఎండు పళ్లకు 100 గ్రాముల ధర రాస్తారు. కొసరి రుచి చూపిస్తే మొహమాటపడి అరకిలో కొనక్కర్లేదు.

బియ్యం, ఎర్ర కందిపప్పు రీమి, మాక్సిమా, లిడ్ల్ దుకాణాల్లో దొరుకుతాయి. పోపు సామాను, చింతపండు, ఇంగువ, కందిపొడి బెర్లిన్ నుంచి తీసుకెళ్లండి. చేతి సంచిలో పచ్చడి సీసా పెట్టొద్దు, అది ద్రవాల లెక్కలోకి వస్తుంది, 100 మిల్లీలీటర్లు దాటితే పారేయించొచ్చు. కుళాయి నీళ్లు తాగొచ్చు.

---

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. బస నిశ్శబ్ద కేంద్రంలో చూస్తున్నా, లిఫ్ట్ అడిగాను. టాలిన్ సంగతి ఎవరూ చెప్పలేదు. అది కుదరకపోతే ఒక రోజు యుర్మలానా, సిగుల్దానా? రుందాలె ప్యాలెస్ అని కూడా విన్నాను.

---

రైలుపిచ్చి

టాలిన్ ఒక రోజులో వద్దు. 310 కిలోమీటర్లు, బస్సులో ఒక్కో వైపు నాలుగున్నర గంటలు. తొమ్మిది గంటలు కూర్చుని మూడు గంటలు చూస్తారు. లిథువేనియా రాజధాని విల్నియస్ కూడా అంతే, నాలుగు గంటలు. 2023 డిసెంబరు చివర్నుంచి విల్నియస్–రీగా రైలు నేరుగా నడుస్తోంది, ఒకవైపు ప్రయాణంగా బాగుంటుంది. అటు పోయి ఇటు రావడానికి కాదు. రుందాలె అంటే బౌస్కా దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పల్లె బస్సు. రెండోది తప్పితే చాలాసేపు పడిగాపులు. కారు ఉంటే వెళ్లండి.

యుర్మలా, సిగుల్దా రెండూ రీగా సెంట్రల్ స్టేషన్ నుంచి ‘వీవి’ కంపెనీ రైళ్లలో. టికెట్ యాప్‌లోనో కౌంటర్లోనో తీసుకోండి. కౌంటర్ తెరిచున్న స్టేషన్లో ఎక్కి కండక్టర్ దగ్గర కొంటే అదనంగా పడుతుంది. సెంట్రల్ స్టేషన్లో రైల్ బాల్టికా కొత్త లైను పనులు జరుగుతున్నాయి. ఇప్పుడున్న పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, వచ్చేది 1,435, అందుకే పక్కనే వేరే స్టేషన్ కడుతున్నంత పని. దాంతో దారులు, మెట్లు, ప్లాట్‌ఫారంకు వెళ్లే మార్గాలు మారుతుంటాయి. రైలుకు 20 నిమిషాల ముందు చేరితే నిదానంగా దారి వెతుక్కోవచ్చు.

యుర్మలా: ఆ పేరుతో స్టేషన్ లేదు, ‘మయోరి’లో దిగాలి. సుమారు అరగంట. స్లోకా, తుకుమ్స్, దుబుల్తి వైపు వెళ్లేవన్నీ ఆగుతాయి, కొన్ని వేగం రైళ్లు తప్ప. టికెట్ రెండు యూరోల ప్రాంతం. స్టేషన్ ఎదురుగా యోమాస్ వీధి, అది దాటితే పైన్ చెట్ల వెనక సముద్రం. ఇసుక తెల్లగా, గట్టిగా ఉంటుంది, నీళ్లు చాలా దూరం మోకాలి లోతే.

సిగుల్దా: గంటా పది నిమిషాలు, గౌయా జాతీయ ఉద్యానం. ఇక్కడ దారి తప్పు పడితే మోకాళ్లు అయిపోతాయి. నెట్‌లో అందరూ రాసే మార్గం ఇది: కేబుల్ కారులో లోయ దాటి క్రిముల్దా, అక్కడి నుంచి అడవిలో మెట్లు దిగి గూట్‌మానిస్ గుహ, మళ్లీ ఎక్కి తురైదా కోట. అమ్మగారితో అది వద్దు. స్టేషన్ పక్కనే బస్ స్టాండు, అక్కడి నుంచి తురైదా బస్సు ఎక్కి కోట గేటు దగ్గర దిగండి. వేళలు ముందే చూసుకోండి, బస్సులు గంటకొకటి కూడా ఉండకపోవచ్చు. కోట 1214లో మొదలైంది, ఎర్ర ఇటుక బురుజు. బురుజు లోపల మెట్లు ఇరుకు, నాన్నగారూ మీరూ ఎక్కండి, అమ్మగారు 1750 నాటి చెక్క చర్చి, తోట చూస్తూ కూర్చోవచ్చు. తిరిగి బస్సులో సిగుల్దా వచ్చాక కేబుల్ కారు వెళ్లి రావడానికి ఎక్కండి. 1,020 మీటర్ల తీగ, గౌయా నదికి 40 మీటర్లకు పైన. గాలి ఎక్కువైతే ఆపేస్తారు.

తిరుగు రైలు వేళ ఫోన్లో పెట్టుకుని బయల్దేరండి. ఒకటి తప్పితే తర్వాతిది గంట, గంటన్నర తర్వాతే.

---

చలిగాలి

రైలుపిచ్చి గారు సిగుల్దాకు అన్ని పేరాలు రాశారంటేనే తెలియడం లేదా ఎంత గొడవో! మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి యుర్మలానే. రైలు దిగితే చదును, పది నిమిషాల్లో సముద్రం, ఖర్చు రైలు టికెట్ ఒక్కటే.

---

వరంగల్_వాకర్

సెప్టెంబరు మూడో వారంలో సముద్రం దగ్గర చల్లగాలి తప్ప ఏం లేదు. ఇండియా నుంచి వచ్చినవాళ్లకు బీచ్ చూపించడానికి రీగా దాకా తీసుకెళ్లాలా? ఆ వారంలో గౌయా లోయలో ఆకులు పసుపు తిరగడం మొదలవుతుంది. బస్సు మార్గం పట్టుకుంటే సిగుల్దా కష్టం కాదు. నా ఓటు దానికే. వాన రోజైతే మాత్రం రెండూ మానేసి ఊళ్లోనే ఉండండి.

ఇంకో మాట. బెర్రీలూ చెక్క ఇళ్లూ పల్లె వాతావరణం కావాలంటే యుగ్లా చెరువు ఒడ్డున బయలు మ్యూజియం ఉంది, 1924లో స్థాపించారు. దేశం నలుమూలల నుంచి వందకు పైగా పాత చెక్క కట్టడాలు విప్పి తెచ్చి అడవిలో నిలబెట్టారు. ఊరి బస్సు వెళ్తుంది, ‘బ్రీవ్‌దబాస్ ముజెయ్స్’ స్టాపు. 87 హెక్టార్లు, మొత్తం తిరగకండి, గేటుకు దగ్గర్లోని నాలుగైదు ఇళ్లు చాలు.

---

పొదుపుమంత్రి

ముగ్గురికీ రోజుకు 130 ఎలా సర్దుకోవాలో లెక్క. బస 65 నుంచి 70 (వంటగది ఉన్న అపార్ట్‌మెంట్, ముందే బుక్ చేస్తే). ఉదయం, రాత్రి ఇంట్లో వండుకుంటే సరుకులు 12. మధ్యాహ్నం బయట 27. ఊరి బస్సులు 5. మిగిలింది 16 నుంచి 21. అది రోజూ ఖర్చు పెట్టకుండా దాచితే సిగుల్దా రోజున కోట, కేబుల్ కారు, రైలు అన్నిటికీ సరిపోతుంది. ఒకే రోజున రెండు టికెట్ మ్యూజియాలు పెట్టుకోవద్దు.

డబ్బు కారిపోయే చోట్లు వేరే ఉన్నాయి. కార్డు మెషీన్ యూరోనా రూపాయా అని అడిగితే యూరోయే నొక్కండి, రూపాయి నొక్కితే వాళ్ల సొంత మారకం రేటు వేస్తారు. నగదు కావాలంటే స్వెడ్‌బ్యాంక్, సెబ్ వంటి బ్యాంకుల మెషీన్లలో తీయండి, పాత ఊళ్లో విడిగా కనబడే మెషీన్లు రుసుము ఎక్కువ గుంజుతాయి. యూపీఐ మీద ఆధారపడొద్దు. టాక్సీ కావాలంటే బోల్ట్ యాప్, వీధిలో చెయ్యెత్తి ఆపొద్దు. అసలైన టాక్సీకి పసుపు నంబరు ప్లేటు ఉంటుంది. పాత ఊరి చౌకుల్లోని హోటళ్లలో కూర్చుంటే దృశ్యానికే సగం ధర, రెండు వీధులు అవతలికి నడవండి. ఇది మీకు కాదు గానీ చదివే కుర్రాళ్లకు: రాత్రి పాత ఊళ్లో పరిచయం లేని అమ్మాయిలు వచ్చి ‘ఫలానా బార్‌కు వెళ్దామా’ అంటే వెళ్లొద్దు. బిల్లు వందల్లో వస్తుంది, కట్టేదాకా తలుపు దగ్గర మనుషులు కదలరు.

సిమ్ అవసరం లేదు, మీ జర్మనీ నంబరు రోమింగ్‌లో పనిచేస్తుంది. అమ్మానాన్నలకు కావాలంటే నార్వెసెన్‌లో ప్రీపెయిడ్ దొరుకుతుంది.

---

బతుకమ్మపువ్వు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇదే ఊరు డిసెంబరులో అయితే? క్రిస్మస్ మార్కెట్ కోసం, హైదరాబాద్ నుంచి నేరుగా.

---

రీగా_తెలుగు

మార్కెట్ డోమ్ చౌకులో పెడతారు, చూడ్డానికి ఉచితం. 1510లోనే ఇక్కడ క్రిస్మస్ చెట్టు అలంకరించారని ఊరి గొప్ప. టాలిన్ వాళ్లు ఒప్పుకోరు.

డిసెంబరులో వెలుతురు రోజుకు ఏడు గంటలు కూడా ఉండదు. తొమ్మిదికి తెల్లవారి, మూడు ముప్పావుకల్లా చీకటి. కాబట్టి బయట చూసేవి 10 నుంచి 3 మధ్య, మ్యూజియాలు తర్వాత. చలికన్నా ప్రమాదం నేల మీది మంచు పొర. పగలు కరిగి రాత్రి గడ్డకట్టి అద్దంలా అవుతుంది. మన స్పోర్ట్స్ బూట్లు జారతాయి. రబ్బరు అడుగు లోతు గాట్లున్న బూట్లు కావాలి, లేదా బూట్లకు తొడిగే ముళ్ల పట్టీ ఇక్కడే కొనుక్కోవచ్చు. కాలిబాట మీద ఎర్ర తెల్ల టేపు కట్టి ఉంటే దాని కిందనుంచి దూరొద్దు, పైకప్పు నుంచి మంచు కడ్డీలు పడే చోటని అర్థం. జీన్స్ ఒక్కటే చాలదు, లోపల థర్మల్స్ వేసుకోండి.

ఇండియా నుంచి నేరుగా కాబట్టి లాత్వియా వీసానే తీసుకోవాలి, ఎక్కువ రాత్రులు ఇక్కడే అయితే. రుసుము పెద్దలకు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, చివరి 15 రోజుల దాకా ఆగొద్దు. మొదట దిగే షెంగెన్ విమానాశ్రయంలో ఇప్పుడు వేలిముద్రలు, ఫొటో తీసి కొత్త కంప్యూటర్ వ్యవస్థలో ఎక్కిస్తున్నారు. 2025 అక్టోబరులో మొదలైంది, వరుసలు నెమ్మది. అక్కడ మారాల్సిన విమానానికి గంటన్నర మాత్రమే ఉంటే ఆ టికెట్ కొనొద్దు. ఇంకో సంగతి, ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు ఐరోపాలోకి తేకూడదు. కందిపొడి, ఆవకాయ తేవచ్చు.

ప్లగ్గు: మన సన్నటి రెండు పిన్నుల చార్జర్ పడుతుంది, లావు మూడు పిన్నులది పట్టదు.

---

కృష్ణాతీరం

ఇలా అనుకుంటున్నాం. శుక్రవారం మధ్యాహ్నం దిగి, సాయంత్రం కాలువ ఒడ్డు పార్కులు, స్మారకం. శనివారం సిగుల్దా. ఆదివారం సెంట్రల్ మార్కెట్, పాత ఊరు. సోమవారం అల్బెర్తా వీధి, ఆర్ట్ నూవో మ్యూజియం, గ్రంథాలయం. మంగళవారం ఉదయం విమానం. ఏమైనా తప్పులున్నాయా?

---

వరంగల్_వాకర్

సోమవారం తప్పు. రీగాలో చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. అల్బెర్తా వీధి, మ్యూజియం ఆదివారానికి మార్చండి, మార్కెట్ సోమవారం ఉదయం. ఆదివారం మార్కెట్ త్వరగా మూస్తారు కూడా. గ్రంథాలయం పని వేళలు సైటులో చూసి, వారాంతంలో కుదరకపోతే సోమవారమే ఉంచండి.

---

రైలుపిచ్చి

శనివారం సిగుల్దా సరే, కానీ ఊరంతా అటే వస్తుంది. ఉదయం తొమ్మిది లోపు రైలు పట్టుకోండి. ముందు తురైదా, తర్వాత కేబుల్ కారు. అందరూ దీనికి ఎదురు క్రమంలో వెళ్తారు కాబట్టి వరుసలు తగ్గుతాయి. శుక్రవారం వాతావరణం చూసి శనివారం వాన అంటే ఆదివారంతో మార్చేయండి, రైలు టికెట్ ముందు రోజే కొనాల్సిన పనిలేదు.

---

ముత్యాలపందిరి

మంగళవారం ఉదయం 22 బస్సుకు టికెట్ సోమవారం రాత్రే తీసి ఉంచుకోండి. ఇంకోటి, నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ డబ్బాలకు 10 సెంట్ల డిపాజిట్ ధరలో కలిసి ఉంటుంది, 2022 నుంచి. సూపర్‌మార్కెట్ బయటి మెషీన్లో ఖాళీవి వేస్తే చీటీ వస్తుంది, అదే దుకాణంలో వాడుకోవాలి. జర్మనీ మెషీన్ ఈ సీసాలు తీసుకోదు, కాబట్టి సోమవారం సాయంత్రం సరుకులకు వెళ్లేటప్పుడే వేసేయండి.